రాతకోతలతో నిలిచిన దానం: బెంగళూరు నాగరత్నమ్మ జీవితం

పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో కావేరి గట్టున విద్వాంసులు వందల సంఖ్యలో కూర్చుని త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనలు ఒక్క గొంతుగా పాడతారు. కర్ణాటక నుంచీ తమిళనాడు నలుమూలల నుంచీ మన తెలుగు కుటుంబాలు ఏటా వెళుతుంటాయి. వెళ్లలేనివాళ్లం ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూస్తాం. స్వామి సమాధి మీద ఉన్న ఆ గుడిని కట్టించింది ఏ రాజూ కాదు, ఏ జమీందారూ కాదు. కచేరీలు చేసి సంపాదించిన ఒక గాయని తన సొంత డబ్బుతో కట్టించింది. ఆమే బెంగళూరు నాగరత్నమ్మగారు.

ఆమె పేరు మనలో చాలామందికి తెలుసు. నగలు అమ్మి గుడి కట్టించిందన్న మాట దగ్గరే మనం ఆగిపోతుంటాం. అసలు కథ ఆ తరువాత ఉంది. తాను ఇచ్చిన దానం తన తరువాత కూడా నిలబడటానికి ఆమె ఏం చేశారు, ఎవరి హక్కు కాపాడారు అన్నది మన సంఘాలకు ఇప్పుడు బాగా పనికొచ్చే పాఠం. ఎందుకంటే వయసు మీరిన కళాకారులను ఎలా ఆదుకోవాలన్న ప్రశ్న మా సంఘం సమావేశాల్లో తరచూ వస్తోంది. హరికథ చెప్పినవాళ్లు, నాదస్వరం వాయించినవాళ్లు, డోలు, మృదంగం వాయించినవాళ్లు మన ఊళ్లన్నిటిలోనూ ఉన్నారు. పండగ రోజున శాలువా కప్పుతాం. మర్నాడు వాళ్ల మందుల ఖర్చు ఎవరిదో తెలియదు.

నంజనగూడు నుంచి మద్రాసు దాకా

నాగరత్నమ్మగారు 1878 నవంబరు 3న మైసూరు సంస్థానంలోని నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి కులానికి చెందినవారు. తండ్రి సుబ్బారావు వకీలు. ఆయన అండ ఆ తల్లీబిడ్డలకు ఎక్కువ కాలం దొరకలేదు. అండ పోయినా పుట్టలక్ష్మి కూతురి చదువు విషయంలో పట్టు వదల్లేదు. సంస్కృతం, కన్నడం, తెలుగు, కొంత ఇంగ్లీషు, సంగీతం, నాట్యం అన్నీ చెప్పించారు. బెంగళూరులో మునుస్వామప్పగారి దగ్గర సంగీతం సాగింది. ఆయనది వాలాజాపేట శిష్యపరంపర, అంటే త్యాగరాజస్వామి నుంచి నేరుగా వచ్చిన బాణీ. మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్పగారిని కూడా ఆమె గురువుగా భావించారు.

కూతురు పేరు తెచ్చుకోవడం చూడకుండానే తల్లి కన్నుమూశారు. నాగరత్నమ్మగారు అప్పటికి ఇంకా చిన్నపిల్ల. ఆ తరువాత ఆమె మైసూరు ఆస్థానంలో పాడారు. తిరువాన్కూరు, బొబ్బిలి, విజయనగరం సంస్థానాల ఆదరణా పొందారు. బెంగళూరు నుంచి మద్రాసు చేరి అక్కడే స్థిరపడ్డారు. ఊరూరా తిరిగి వెయ్యికి పైగా కచేరీలు చేశారు. సంగీతంతో పాటు సంస్కృతాంధ్రాల్లో పాండిత్యం ఉండటంతో ఆమె కచేరీకి పండితులు కూడా వచ్చేవారు. మద్రాసులో సొంత ఇల్లు, ఒంటి నిండా నగలు, బ్యాంకులో డబ్బు అన్నీ సమకూరాయి. ఆ నగరంలో ఆదాయపు పన్ను కట్టిన తొలి కళాకారిణి ఆమేనని చెబుతారు.

ఆ రోజుల్లో కళాకారుల ఆదాయం ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. దర్బారులో పాడితే బహుమానం, పెళ్లిలో పాడితే సంభావన, గుడిలో సేవ ఉంటే మాన్యం. గొంతు ఉన్నంత కాలమే ఆదరణ. వయసు మీద పడ్డాక మాన్యం ఉన్నవాళ్లకు నాలుగు గింజలు వచ్చేవి. లేనివాళ్లు శిష్యుల మీదో బంధువుల మీదో ఆధారపడాల్సిందే. నాగరత్నమ్మగారు ఈ పరిస్థితి తెలిసిన ఇంట్లోనే పుట్టారు. రూపాయి విలువ, ఆస్తి పత్రం విలువ ఆమెకు చిన్నప్పుడే తెలిసి ఉంటుంది.

ఒక పుస్తకం, ఒక నిషేధం

మన భాషకు ఆమె చేసిన సేవ 1910 నాటిది. తంజావూరు ప్రతాపసింహ మహారాజు కాలంలో ముద్దుపళని అనే కవయిత్రి రాధికా సాంత్వనం అనే శృంగార ప్రబంధం రాశారు. అప్పటికి ఆ కావ్యం అచ్చయిందిగానీ పద్యాలు తగ్గించి, మార్చి వేశారు. నాగరత్నమ్మగారు రాతప్రతి సంపాదించి, పోల్చి చూసి, వదిలేసిన భాగాలన్నీ చేర్చి, తెలుగులో పీఠిక రాసి, మద్రాసులోని వావిళ్లవారి ద్వారా ప్రచురించారు. పుట్టింది కన్నడ దేశంలో, పుస్తకం తంజావూరులో పుట్టిన తెలుగు కావ్యం, అచ్చువేసింది మద్రాసులో. మన సాహిత్యం ఎక్కడెక్కడ బతికిందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ కావ్యాన్ని కందుకూరి వీరేశలింగం పంతులుగారు అంతకుముందే తీవ్రంగా విమర్శించి ఉన్నారు. మగ కవులు రాసిన శృంగారానికి అడ్డురాని సిగ్గు ఒక స్త్రీ రాస్తేనే ఎందుకు అడ్డువస్తోందని నాగరత్నమ్మగారు తన పీఠికలో నిలదీశారు. పంతులుగారంతటి వారిని ఆ రోజుల్లో ఒక దేవదాసి అచ్చులో ఎదిరించడం చిన్న విషయం కాదు. తరువాత ప్రభుత్వం ఆ పుస్తకం అశ్లీలమని తేల్చి నిషేధించింది. మూడు దశాబ్దాలకు పైగా నిషేధం సాగింది. చివరికి టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న కాలంలో దాన్ని తొలగించే నిర్ణయం జరిగింది. ఒక్క సర్కారు కాగితం ఎంత పని చేయగలదో, దాన్ని తొలగించడానికి ఎంత కాలం పడుతుందో ఆమె స్వయంగా చూశారు.

కావేరి గట్టున శిథిలమైన సమాధి

త్యాగరాజస్వామి 1847 జనవరి 6న తిరువయ్యారులో సిద్ధి పొందారు. ఆయన రాజుల ఆదరణ కోరలేదు. ఉంఛవృత్తి చేసి, వీధుల్లో భజన పాడుతూ వెళ్లి, ఇంటింటా వేసిన బియ్యంతో ఆ పూటకు సరిపెట్టుకునేవారు. అంటే ఆ మహానుభావుడిని పోషించింది తిరువయ్యారు గృహస్థులు. ఆయన వెళ్లిపోయాక శిష్యులు తలోదిక్కూ వెళ్లి ఆ సంగీతాన్ని దేశమంతా పంచారు. సమాధిని చూసుకునే మనిషి మాత్రం లేకపోయాడు. 1903లో ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ వెళ్లి దాన్ని బాగుచేయించారు. కానీ నిత్యం దీపం పెట్టడానికి ఒక ఏర్పాటు, దానికో ఆదాయం లేకపోవడంతో మళ్లీ పాడుపడింది.

1921లో బిడారం కృష్ణప్పగారు తిరువయ్యారు వెళ్లారు. సమాధి ఉన్న స్థితి చూసి మనసు కష్టపడి, మద్రాసులో ఉన్న నాగరత్నమ్మగారికి ఉత్తరం రాశారు. అప్పటికి ఆమెకు నలభై రెండేళ్లు దాటాయి. గాయనిగా మంచి పేరు మీద ఉన్న రోజులు. ఉత్తరం అందగానే ఆమె తిరువయ్యారు బయలుదేరారు. సమాధి చుట్టూ ఉన్న స్థలం ఎవరి పేరున ఉందో విచారించి, దాన్ని సంపాదించే పని ముందు చేశారు. ఆ తరువాతే గుడి పని మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. 1925 జనవరి 7న కుంభాభిషేకం అయింది. ఖర్చంతా ఆమె కచేరీల మీద సంపాదించినదే. నగలు పోయాయి, తరువాత మద్రాసు ఇల్లూ పోయింది.

గుమాస్తాలుగా పనిచేసి రిటైరైన మాలాంటి వాళ్లకు ఇందులో ముందు కనిపించేది ఆ వరస. ముందు స్థలం, ఆ తరువాత కట్టడం, నిత్యపూజకు ఏర్పాటు. స్థలం మీద హక్కు లేకుండా ఎంత గొప్ప మందిరం కట్టినా, ఎవరో ఒకరు వచ్చి కాదంటే నిలబడదు. తన కులంలో పుట్టిన స్త్రీని ఎవరైనా సరే పక్కకు తప్పుకోమనగలరని ఆమెకు తెలుసు.

గుడి కట్టించిన మనిషికే చోటు లేదు

అదే జరిగింది కూడా. త్యాగరాజ ఆరాధన అప్పటికే రెండు వర్గాల చేతుల్లో ఉంది. తిల్లైస్థానం నరసింహ భాగవతార్, ఆయన తమ్ముడు పంజు భాగవతార్ మధ్య వచ్చిన తేడాలతో పెరియ కట్చి, చిన్న కట్చి అని విడిపోయి ఎవరి ఆరాధన వాళ్లు చేసుకుంటున్నారు. రెండు వర్గాలూ ఒక విషయంలో మాత్రం ఒకటే. స్వామి సన్నిధిలో ఆడవాళ్లు పాడకూడదు. గుడి కట్టించిన నాగరత్నమ్మగారికి కూడా అదే నియమం వర్తింపజేశారు.

ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. డబ్బు తిరిగి ఇమ్మని అడగలేదు. తనలాంటి గాయనులను కూడగట్టి గుడి వెనుక వైపున వేరే ఆరాధన మొదలుపెట్టారు. దానికి పెణ్‌గళ్ కట్చి, అంటే ఆడవాళ్ల వర్గం అని పేరు వచ్చింది. ఊరూరి నుంచి దేవదాసి కళాకారిణులు సొంత ఖర్చుతో వచ్చి పాడారు. అధికారులకు అర్జీలు వెళ్లాయి. స్థలం ఆమెది, కట్టడం ఆమెది, కాగితాలు ఆమె పేరున ఉన్నాయి. కాబట్టి ఆమెను పూర్తిగా పక్కకు నెట్టడం ఎవరి వల్లా కాలేదు. ఏళ్ల తరబడి మూడు ఆరాధనలూ ఇలాగే పక్కపక్కన సాగాయి. 1940, 41 ప్రాంతంలో ఐసీఎస్ అధికారి ఎస్.వై. కృష్ణస్వామి, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ వంటి పెద్దలు పూనుకుని అన్ని వర్గాలనూ కలిపారు. అప్పుడు ఆరాధన ఒకటైంది, ఆడవాళ్లకు స్వామి ముందు పాడే చోటు దొరికింది. ఈనాడు మన ఆడపిల్లలు అక్కడ వరుసలో కూర్చుని పాడుతున్నారంటే ఆ చోటు అలా వచ్చింది.

ఇదే కాలంలో మరో పోరాటం కూడా ఆమె మీద పడింది. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డిగారు ఆడపిల్లలను గుళ్లకు అంకితమిచ్చే ఆచారాన్ని ఆపాలని మద్రాసు శాసనమండలిలో తీర్మానం తెచ్చారు. పసిపిల్లలను ఆ బతుకు నుంచి తప్పించాలన్న ఆమె ఆరాటం న్యాయమైనది. నాగరత్నమ్మగారు మద్రాసు రాష్ట్ర దేవదాసీల సంఘానికి అధ్యక్షురాలిగా ఉండి ఆ ప్రయత్నాన్ని వ్యతిరేకించారు. ఆటపాటలే జీవనంగా ఉన్న స్త్రీలందరినీ ఒకే గాటన కట్టి అవమానించవద్దని, వాళ్ల ఆస్తి హక్కులు, జీవనోపాధి ఏమవుతాయో చూడాలని ఆ సంఘం వాదన. 1947లో చట్టం వచ్చింది, ఆ ఆచారం ఆగింది, అది మంచికే. అయితే అప్పటికే వయసు మీరిన గాయనులు, నర్తకీమణుల పోషణ ఎలాగన్న ప్రశ్నకు సమాజం సరైన జవాబు చెప్పలేదు. ఎంతో విద్య ఉన్న ముసలివాళ్లు పేరు చెప్పుకోవడానికి కూడా జంకుతూ కాలం గడిపారు. వాళ్ల పాట విన్న సభలు వాళ్లను మరిచిపోయాయి. నాగరత్నమ్మగారు ఏం భయపడ్డారో అది చాలా ఇళ్లలో నిజమైంది.

చివరి రోజులు, వీలునామా

వయసు పెరిగాక ఆమె మద్రాసు వదిలి తిరువయ్యారులోనే ఉండిపోయారు. ఒకప్పుడు రాజాస్థానాల్లో సన్మానాలు పొందిన మనిషి నిరాడంబరంగా, సమాధి సేవలో, పూజలు, భజనలు చేసుకుంటూ గడిపారు. త్యాగసేవాసక్త అన్న బిరుదు ఆమె పేరు పక్కన చేరింది. విద్యాసుందరి వంటి పాత బిరుదులకంటే ఈ చివరిదే ఆమెకు సరిగ్గా సరిపోయిందని మా అభిప్రాయం.

ఆస్తిలో మిగిలినదంతా ఆమె ఒక ట్రస్టుకు రాశారు. అదే విద్యాసుందరి బెంగళూరు నాగరత్నమ్మ ట్రస్టు. సమాధి దగ్గర పూజ, ఆరాధన సాగాలని రాయడంతో పాటు, అక్కడ ఆడవాళ్లు పాడి సేవ చేసుకునే హక్కు ఉండాలన్న షరతు కూడా పెట్టారు. ఆరాధనలు కలిసిపోయి కొన్నేళ్లయినా, ఆడవాళ్లు అప్పటికే పాడుతున్నా, ఆమె దాన్ని నోటి మాటకు వదిలిపెట్టలేదు. పెద్దమనుషులు మంచివాళ్లే కావచ్చు. వాళ్ల తరువాత వచ్చేవాళ్ల సంగతి ఎవరు చెప్పగలరు? రాసి పెట్టడం వల్ల ఆ హక్కు ఎవరి దయ మీదా ఆధారపడకుండా పోయింది.

1952 మే 19న ఆమె తిరువయ్యారులో కన్నుమూశారు. అప్పటికి డెబ్భై మూడేళ్లు. ఆమెకూ అక్కడే, స్వామి సమాధికి దగ్గరలోనే సమాధి కట్టారు. స్వామివైపు చూస్తున్న ఆమె విగ్రహం అక్కడ ఉంది. ఆరాధనకు వెళ్లే మనవాళ్లు అక్కడ కూడా రెండు నిమిషాలు ఆగాలని కోరుతున్నాం.

మన సంఘాలు చేయగలిగిన పని

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నాగరత్నమ్మగారు ఖర్చు పెట్టింది ఎప్పుడో వెళ్లిపోయిన వాగ్గేయకారుడి కోసం కదా, బతికి ఉన్న ముసలి కళాకారుడికి ఆమె కథతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. పని ఉంది. అభిమానం ఒక రోజు పొంగి మర్నాడు చల్లారుతుంది. 1903లో బాగుచేసిన సమాధి 1921 నాటికి పాడుపడింది. 1925లో కట్టినది ఈనాటికీ నిలిచి ఉంది. తేడా అంతా స్థలం, ఆదాయం, రాతకోతల్లో ఉంది. మన కళాకారుల విషయంలోనూ అంతే. ఒక్కసారి ఇచ్చే ఐదువేల రూపాయల కంటే నెలనెలా చేతికి వచ్చే చిన్న మొత్తం వాళ్లను ఎక్కువ కాపాడుతుంది.

ఆ చిన్న మొత్తం ఇవ్వడానికి ప్రభుత్వాల దగ్గర దారులు ఉన్నాయి. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ 60 ఏళ్లు నిండిన, ఆదాయం బాగా తక్కువగా ఉన్న కళాకారులకు నెలవారీ సాయం పథకం నడుపుతోంది. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర ప్రభుత్వాలకూ వృద్ధ కళాకారులకు నెలవారీ సాయం చేసే పథకాలు ఉన్నాయి. కానీ మన వాళ్లలో చాలామంది అక్కడిదాకా వెళ్లరు. ఎందుకంటే దరఖాస్తు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటుంది. ఇంట్లో తెలుగు తప్ప రాయడం రాని పెద్దాయనకు అది కొరకరాని కొయ్య. పైగా ఎన్నేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నారో రుజువు చూపమంటారు. నలభై ఏళ్లు పెళ్లిళ్లలో నాదస్వరం వాయించిన మనిషి దగ్గర నలభై కాగితాలు ఉండవు. తాంబూలం, సంభావన తీసుకుని వచ్చేసి ఉంటారు. విద్యకు సాక్ష్యం విన్నవాళ్ల చెవుల్లో తప్ప మరెక్కడా లేదు.

ఆ సాక్ష్యం ఇవ్వగలిగింది మనమే. మన సంఘాల దగ్గర పాత ఉగాది ఆహ్వాన పత్రికలు, శ్రీరామనవమి కరపత్రాలు, ఫోటోలు, జమాఖర్చుల పుస్తకాలు ఉన్నాయి. వాటిలో ఏ ఏడు ఎవరు పాడారో, ఎవరికి ఎంత ఇచ్చామో రాసి ఉంటుంది. వాటిని వెతికి, నకళ్లు తీసి, సంఘం ముద్ర వేసి, కార్యదర్శి సంతకంతో ఆ కళాకారుడికి ఇస్తే అది దరఖాస్తుకు బలం అవుతుంది. ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందా, బ్యాంకు ఖాతా నడుస్తోందా అని చూడటం మన కుర్రాళ్లకు ఒక సాయంత్రం పని. ఇక నుంచి జరిగే ప్రతి కార్యక్రమానికీ పారితోషికం బ్యాంకు ద్వారా ఇచ్చి, ఒక రసీదు, ఒక ధ్రువపత్రం కూడా చేతిలో పెడితే రేపటి ముసలితనానికి ఈ రోజే ఆధారం సమకూరుతుంది.

ఇంకొక మాట. సాయం అందుకునే కళాకారుడిని వేదిక కిందే కూర్చోబెట్టకూడదు. నాగరత్నమ్మగారు ఏళ్ల తరబడి పోరాడింది పాడే చోటు కోసం. గొంతు సన్నగిల్లినా సరే, ఒక్క కీర్తనైనా పాడమని పెద్దవాళ్లను ముందు పిలవాలి. సంభావన ఇచ్చి పాడించుకుంటే అది వారి సంపాదన అవుతుంది. తీసుకునేటప్పుడు తల వంచాల్సిన పని ఉండదు.

వచ్చే ఆరాధనలోపు ప్రతి సంఘమూ తన ఊరిలోని 60 దాటిన కళాకారుల పేర్లు, విద్య, వయసు, చిరునామా రాసిన ఒక పట్టిక తయారు చేసుకోవాలని మా మనవి. పట్టికలో ఒక్క పేరే ఉన్నా సరే, ఆ ఒక్కరి దరఖాస్తు పూర్తి చేసి పంపండి. ఫారం నింపడం తెలిసిన రిటైరైన ఉద్యోగులు మన ప్రతి సంఘంలోనూ ఉన్నారు. ఈ పని వారికి అప్పగించండి.